మధ్య పెట్టె

పుంగనూరు,
జూన్ 22.

ప్రియమైన సుష్మా,

కవరు మీద నా చేతిరాత చూసి గాభరా పడకు. ఇంట్లో అందరం బాగున్నాం. మా హాలు బొమ్మ గీసి నీకు చూపించాల్సిన పని పడింది, అది ఫోన్లో కుదరదు, అందుకే కాగితం తీశాను. మదనపల్లెలో డిగ్రీ అయిపోయి హాస్టల్ గది ఖాళీ చేశాక మనం ఉత్తరం రాసుకోవడం ఇదే మొదలు కాబోలు.

మేం హోమ్ థియేటర్ కొన్నాం! ఈ సంగతి నీకు కాక ఎవరికి చెప్పుకోవాలి? పొద్దస్తమానం కుప్పం స్టేషన్లో టికెట్లు కొట్టి, ఇంటికి పోయి స్పీకర్ల ముందు కూర్చునే మనిషివి. మా జావీద్ ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడు. చెప్పుల దుకాణం కట్టేసి వచ్చాక ఆయనకు సినిమా ఒక్కటే సరదా. పోయిన ఆదివారం అందరం మదనపల్లె వెళ్లి తెచ్చుకున్నాం. ముందు రెండు నిలువు పెట్టెలు, వెనక రెండు చిన్నవి, టీవీ కింద ఒక అడ్డ పెట్టె, మూలన నేల మీద సబ్‌వూఫర్. మా రేష్మా ఆ సబ్‌వూఫర్ మీదెక్కి కూర్చుని గుర్రం ఆట ఆడుతోంది.

అంతా బాగుంది గానీ ఒక చిక్కు. ఫైటింగ్ వస్తే కిటికీ అద్దాలు అదురుతాయి. పాట వస్తే గుండెలో కొట్టినట్టుంటుంది. మనుషులు మాట్లాడితే మాత్రం నోట్లో గుడ్డ కుక్కుకుని మాట్లాడినట్టుంది. నిన్న ఒక సినిమాలో కోర్టు సీను. లాయరు చేతులు ఊపుతూ చాలాసేపు వాదించాడు. ఏం వాదించాడో నాకు ఒక్క ముక్క తెలియలేదు. సౌండ్ పెంచితే మా అత్త కొంగుతో చెవులు మూసుకుంటుంది. "ఇంట్లో ఏమన్నా పెండ్లి జరగతా ఉండాదా?" అంటుంది.

శబ్దం పాఠం ఏటా ఎనిమిదో తరగతికి చెప్పేదాన్ని, నా హాల్లో శబ్దం నాకు అర్థం కావడం లేదు. మాట ఎక్కడ పోతోంది? గోడలు తాగేస్తున్నాయా? బొమ్మ వెనక పేజీలో ఉంది. తలుపులు, కిటికీలు, సోఫా, అన్నీ గీశాను. చూసి చెప్పు.

నీ
జబీన్


కుప్పం,
జూలై 1.

జబీన్ టీచర్ గారికి,

కవరు చూసి మా ఆయన దిలీప్ "కోర్టు నోటీసా ఏమి?" అని అడిగాడు. ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడి "తర్వాత చేస్తానే" అని పెట్టేస్తావు. వాట్సాప్‌లో బొటనవేలు చూపించి ఊరుకుంటావు. అట్లాంటిది నాలుగు పేజీలు రాశావు. నేనూ కాగితం మీదే జవాబిస్తా. కౌంటర్లో రద్దీ లేని పూట ఉత్తరం రాసుకోవడం ఎంత బాగుందో తెలుసా?

ఇక నీ చిక్కు. సినిమాలో మాటలు దాదాపు అన్నీ ఒకే పెట్టెలోంచి వస్తాయి. టీవీ కింద ఉందన్నావే, ఆ అడ్డ పెట్టె. దాన్నే సెంటర్ స్పీకర్ అంటారు. పాటలూ ఫైటింగులూ చుట్టూ పంచుకుంటాయి, మాట మాత్రం ఆ మధ్య పెట్టెదే. నీ బొమ్మలో దాన్ని టీవీ స్టాండ్ లోపల, అద్దం తలుపు వెనక పెట్టావు. పాపం దానికి నిజంగానే నోట్లో గుడ్డ కుక్కావు! తీసి బయట పెట్టు. స్టాండ్ అంచు దాకా లాగి, ముందు వైపు కింద ఒక చెక్కముక్క పెట్టి నీ చెవి వైపు తిప్పు. సబ్‌వూఫర్‌ను మూలలోంచి ఇవతలికి జరుపు. ఎదురు గోడకు మందపాటి పరదా వెయ్యి. రిమోట్‌లో ఒక్కో పెట్టెకు విడిగా సౌండ్ ఉంటుంది, సెంటర్‌ది మాత్రం కాస్త పెంచు.

నేను మొదటిసారి నా పెట్టెలు సరిగ్గా అమర్చుకున్న రోజు ఏమైందో చెప్పనా? సినిమాలో వాన మొదలైంది. అది నా వెనక నుంచి వచ్చింది. లేచి మిద్దె మీదికి పోయి ఆరేసిన బట్టలన్నీ తీసుకుని కిందికి వచ్చాను. బయట మిట్టమధ్యాహ్నం ఎండ. దిలీప్ ఇప్పటికీ నవ్వుతాడు.

ఒక్క ప్రశ్న. జావీద్ అన్నకూ, అత్తమ్మకూ కూడా మాటలు తెలియడం లేదా? ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారో రాయి.

నీ
సుష్మ


పుంగనూరు,
జూలై 20.

ప్రియమైన సుష్మా,

నువ్వు చెప్పినవన్నీ చేశాం. మధ్య పెట్టె బయటికి వచ్చింది. పరదా వేశాం. అది చూసి మా అత్త "బాగుండాది, ఇన్నాళ్లకి ఇల్లు ఇల్లు మాదిరి ఉండాది" అని మెచ్చుకుంది. కొంచెం మెరుగు. కొంచెమే. జావీద్ మదనపల్లె షాపు వాళ్లతో మాట్లాడి ఆ మధ్య పెట్టె వెనక్కిచ్చి ఇంకా పెద్దది తెచ్చాడు. టీవీ అంత పొడవుంది. అయినా లాయరు ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.

ఒక వింత చెప్తా విను. మా వంటింట్లో మిక్సీ తిరుగుతున్నప్పుడు మా అత్త నాతో మాట్లాడితే ప్రతి మాటా గంట కొట్టినట్టు వినిపిస్తుంది. ఆర్టీసీ బస్సులో ఇంజన్ పక్క సీట్లో కూర్చుని తోటి టీచర్లతో మాట్లాడుకుంటూ బడికి పోతాను, ఒక్క ముక్క పోదు. అంత హోరులో వినబడే మాట, తలుపులన్నీ మూసిన హాల్లో ఎందుకు మాయమవుతుంది? పాఠ్యపుస్తకం ప్రకారం ఇది తిరగబడాలి కదా. రోజంతా దీని గురించే ఆలోచిస్తున్నా. నీ రైల్వే బుర్రకు ఏమైనా తడుతుందా?

రేష్మా పళ్లు ఊడుతున్నాయి. ముందువి రెండూ పోయాయి.

నీ
జబీన్


కుప్పం,
ఆగస్టు 5.

ఏమే జబీన్,

నీ మిక్సీ ప్రశ్న నాకు నిద్ర లేకుండా చేసింది. హోరు ఉంటే మాట మునిగిపోవాలి. నీకు తేలుతోంది. కౌంటర్లో నా పక్కన కూర్చునే శంకరప్పను అడిగితే "మీ ఫ్రెండుకి మిక్సీని టీవీ పక్కన పెట్టుకోమను మేడం" అన్నాడు. సగం నవ్వొచ్చింది, సగం నిజమేనేమో అనిపించింది.

ఆదివారం రైలెక్కి బెంగళూరు పోయి, స్పీకర్లు వినిపించే షాపుల్లో తిరిగాను. కొనడానికి కాదు, నీ కోసం వినడానికి. ఒకచోట అబ్బాయి కొత్త రకం రిసీవర్, అదే పెట్టెలన్నిటికీ సౌండ్ పంచే మిషను, చూపించాడు. దాంతో చిన్న మైకు వస్తుంది. నువ్వు కూర్చునే చోట, నీ చెవి ఎత్తులో ఆ మైకు పెట్టాలి. అప్పుడు ఒక్కో పెట్టె టుక్ టుక్‌మని, బుయ్‌మని కూస్తుంది. మైకు దాన్ని విని, ఈ పెట్టె ఇంత దూరం, ఇది తక్కువ పలుకుతోంది, ఇది ఎక్కువ పలుకుతోంది అని లెక్క కట్టి తనంతట తానే సరిచేసుకుంటుంది. అంటే నీ చోట కూర్చుని నీ బదులు అది వింటుందన్నమాట. గది తప్పో పెట్టె తప్పో దాంతో తేలిపోతుంది. జావీద్ అన్నకు ఎలాగూ మార్చాలని ఉంటే ఇలాంటిది మార్చమను.

పోయిన ఉత్తరంలో ఒకటి అడిగాను. జవాబు రాలేదు. మిగతా వాళ్లకు మాటలు తెలుస్తున్నాయా లేదా?

నీ
సుష్మ


పుంగనూరు,
ఆగస్టు 27.

ప్రియమైన సుష్మా,

రిసీవర్ వచ్చింది. జావీద్‌కు చెప్పడమే ఆలస్యం, దుకాణం తమ్ముడికి అప్పగించి మదనపల్లె బస్సెక్కాడు. పాతదాన్ని షాపు వాళ్లే తీసుకున్నారు.

మైకు తతంగం నువ్వు చూడాల్సింది. సోఫాలో నా చోట స్టూలు పెట్టి, దాని మీద రేష్మా పుస్తకాల సంచి, దాని మీద మైకు. ఎవరూ మాట్లాడకూడదని జావీద్ అందరినీ గోడకు నిలబెట్టాడు. పెట్టెలు కూస్తుంటే రేష్మా నోరు రెండు చేతులతో మూసుకుని నవ్వుతోంది. అన్నిటికీ నవ్వింది. కొన్ని కూతలప్పుడు ఎందుకు నవ్వుతోందా అని నేను అటూ ఇటూ చూశాను.

చివరికి అన్నీ సరిగ్గా ఉన్నాయని టీవీ మీద రాత వచ్చింది. మళ్లీ ఆ కోర్టు సినిమానే పెట్టాం. జావీద్ "ఇప్పుడు సూడు, అద్దం మాదిరి ఉండాది!" అన్నాడు. మా అత్తకు తెలుగు సినిమా మాటలు ఎప్పుడూ సరిగ్గా పట్టవు, అట్లాంటిది లాయరు అన్న ప్రతి మాటా వాడి వెనకాలే ఉర్దూలో చెప్పి వాణ్ని తిట్టింది. నేను నా చోటనే, మైకు కూర్చున్న చోటనే కూర్చున్నాను. కింద అక్షరాలు పెట్టించాను. చదువుకుంటే కథ బాగానే ఉంది.

ఇంకా శక్తి గల ఆంప్లిఫయర్ ఒకటి విడిగా పెడితే ఎలా ఉంటుందంటావు? లేదా గోడలకు ఆ మెత్తటి పలకలు ఉంటాయే, అవి కొట్టిస్తే?

నీ
జబీన్


కుప్పం,
సెప్టెంబర్ 4.

జబీన్,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చించేశాను.

ఆంప్లిఫయర్ వద్దు. పలకలు వద్దు. నీ చోట మైకు విన్నది. జావీద్ అన్న విన్నాడు. అత్తమ్మ విన్నది. పిల్ల అన్ని కూతలకూ నవ్వింది. నువ్వు కొన్నిటికి ఎందుకు నవ్వుతోందా అని చూశావు. నువ్వే రాశావు ఇవన్నీ. తప్పు పెట్టెల్లో లేదు, గదిలో లేదు.

నువ్వు ఫోన్ ఎందుకు తొందరగా పెట్టేస్తావో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. మా ఇంట్లో ఫంక్షన్‌కు వచ్చినప్పుడు వెనక నుంచి నిన్ను పిలిచాను, గుర్తుందా? తిరగలేదు. ఏదో మనసులో పెట్టుకుందనుకుని నొచ్చుకున్నాను.

చెవి డాక్టరును చూడు. మదనపల్లెలో మంచివాళ్లున్నారు. ఆలస్యం చేయకు.

సుష్మ


పుంగనూరు,
సెప్టెంబర్ 10.

సుష్మకు,

నేను స్పీకర్ల గురించి అడిగాను. నా గురించి అడగలేదు. మధ్యాహ్నం పూట ఖాళీ ఉంటే టికెట్లు తప్పు లేకుండా కొట్టుకో. మాకు మా సినిమాలు బాగానే ఉన్నాయి.

జబీన్


కుప్పం,
అక్టోబర్ 3.

జబీన్,

నీ నుంచి ఏమీ లేదు. పోస్ట్‌మ్యాన్ మునెయ్య నా మొహం చూసి దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు.

నేను చెప్పింది వెనక్కి తీసుకోను. చెప్పిన తీరు మాత్రం బాగాలేదు. పెట్టె బాగు చేసినట్టు, ఇది కాదు ఇది కాదు అంటూ నీ దాకా వచ్చేశాను. నువ్వు మనిషివని మర్చిపోయాను. ఏమైనా రాయి. రేష్మా పళ్లు వచ్చాయా?

సుష్మ


పుంగనూరు,
అక్టోబర్ 24.

నా సుష్మా,

కూర్చుని చదువు. పొడుగు ఉత్తరం.

దసరా సెలవుల్లో హాలు దులుపుతున్నాను. టీవీలో వార్తలు వస్తున్నాయి. మధ్య పెట్టె వెనక వైరు ఊడి వేలాడుతుంటే దోపుదామని వంగాను. చేయి అందక తల పక్కకు పెట్టి పెట్టె మీదే ఆనించాను. దవడ, కణత, అన్నీ ఆ చెక్కకు తగిలాయి. అంతే సుష్మా, వార్తలు చదివే ఆవిడ నా తలలో కూర్చుని మాట్లాడింది! ఒక్కో అక్షరం. "స" వేరు, "ష" వేరు. ఉలిక్కిపడి తల ఎత్తాను. గొణుగుడు. మళ్లీ ఆనించాను. మాట. ఎత్తాను. గొణుగుడు. చేతిలో దుమ్ముగుడ్డతో అట్లాగే పెట్టెను కరుచుకుని వార్తలన్నీ విన్నాను. మా అత్త వచ్చి "దానికి జొరం వచ్చిందా, అట్ల పట్టుకోనుండావు?" అంది.

అప్పటికి నీ మీద కోపం ఉంది. నా మీద భయం ఉంది. కానీ ఆ క్షణంలో రెండూ కనబడకుండా పోయాయి. ఇది ఎలా జరిగింది? అదొక్కటే బుర్రలో తిరిగింది. చెవిలోంచి రాని మాట ఎముకలోంచి వస్తోంది. అయితే లోపల వినే చోటు చెడిపోలేదన్నమాటే కదా?

సెలవులు అయిపోయేదాకా ఆగడం ఎంత కష్టమైందో. బడి తెరిచిన రోజు ల్యాబ్‌లోంచి శృతిదండం తీసుకుని ఎనిమిదో తరగతికి పోయాను. రబ్బరు మీద కొట్టి దాని కొమ్ములు చెవి దగ్గర పెట్టుకున్నాను. ఎక్కడో దూరంగా దోమ. మళ్లీ కొట్టి కాడను చెవి వెనక ఎముకకు ఆనించాను. తల నిండా మోత! పిల్లలందరి చేతా చేయించాను. అందరికీ చెవి దగ్గరే గట్టిగా, ఎముక మీద తక్కువ. ఒక్కరూ నాలాగా చెప్పలేదు. వెన్నెల అని ముందు బెంచీ పిల్ల, "మేడం, మీకెట్ల వినిపిస్తాంది?" అని అడిగింది. పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. "నాకు మీకంటే తిరగబడి వినిపిస్తాంది" అన్నాను. ఎవరూ నవ్వలేదు. "ఎందుకు మేడం?" అని అడిగింది ఆ పిల్ల. కనుక్కుని వచ్చి చెప్తానన్నాను.

ఇన్నేళ్లు ఎవరితోనూ అనని మాట ఒక క్లాసు ముందు అనేశాను. ఇక నీకు దాచడం దేనికి?

రేష్మా పుట్టాక మొదలైంది. ముందు ఎడమ చెవిలో హోరు, తర్వాత రెండిటా. నీరసం అనుకున్నాను. ఫోన్లో గొంతులు పలచబడ్డాయి. క్లాసులో నోటి ప్రశ్నలు మానేసి బోర్డు మీద రాయమంటున్నాను. వేసవికి ముందు ఒకడు ఏదో అడిగితే నేను ఇంకేదో జవాబు చెప్పాను, పిల్లలు గొల్లుమన్నారు. హెడ్మాస్టర్ దాకా పోయింది. పదో తరగతి వేరే వాళ్లకు ఇద్దామా అన్నాడు. అందుకే ఇంట్లో కొత్త పెట్టెలు అనగానే ఎగిరి గంతేశాను. మంచి పెట్టెలు పెట్టుకుంటే నాకు ఏమీ లేదని తేలిపోతుందనుకున్నాను.

నా భయం ఏమిటో తెలుసా? గుర్రంకొండలో మా పెద్ద ఖాలా, అంటే మా అమ్మ అక్క, ఉండేది. పాతికేళ్లకే చెవులు పోయాయి. ఆమె పేరు ఎవరూ పిలవగా నేను వినలేదు. మా అమ్మ కూడా "చెవిటిదానికి అన్నం పెట్టు" అనేది. చనిపోయాక గోరీ దగ్గర పేరు అడిగితే పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇప్పుడు భయం పోలేదు. కానీ అంతకంటే ఎక్కువగా, లోపల ఏముందో చూడాలని ఉంది. డాక్టరు దగ్గరికి పోదామా?

నీ
జబీన్

రేష్మాకు ఒక పన్ను వచ్చింది.


కుప్పం,
అక్టోబర్ 29.

బంగారు జబీన్,

కౌంటర్లో కూర్చుని చదివి ఏడ్చాను. అవతల ఒకాయన బంగారుపేటకు టికెట్ అడిగితే జోలార్‌పేటకు కొట్టిచ్చాను. నువ్వు టికెట్లు తప్పు లేకుండా కొట్టుకోమన్నావు కదా, ఇదిగో నీ వల్లే తప్పు.

లోపల చెవి బాగుంటే బయటి నుంచి దారిలో ఏదో అడ్డం పడిందనే కదా! పెట్టె మంచిదే, మైకు మంచిదే, నడుమ వైరు పట్టడం లేదు. నాకు తెలిసిన భాష ఇదే, ఏమనుకోకు.

వచ్చే శుక్రవారం సెలవు పెట్టాను. పలమనేరు మీదుగా పుంగనూరు వచ్చి నిన్ను తీసుకుని మదనపల్లె పోదాం. జావీద్ అన్నకు చెప్పావా? చెప్పకుండా రావద్దు.

నీ
సుష్మ


పుంగనూరు,
నవంబర్ 12.

సుష్మా,

నీ చోట పనిచేయాల్సిన మనిషికి డెంగ్యూ వస్తే నువ్వేం చేస్తావు? రాలేకపోయావని మెసేజ్ మీద మెసేజ్ పెట్టకు. నాతో మా అత్త వచ్చింది.

ముందురోజు సాయంత్రం జావీద్‌కు చెప్పాను. ఆయన లేచి నా ఎదురుగా, వెలుతురు ఆయన మొహం మీద పడేటట్టు కూర్చుని, నిదానంగా అన్నాడు: "నేను పిలిస్తే పలకవు. నా మీద మనసు లేదనుకుంటి." ఇద్దరం ఒకరి మీద ఒకరం ఎన్ని ఊహించుకున్నామో! మర్నాడు ఆయన దుకాణం వదలలేని రోజు. నేను వస్తానంటూ మా అత్త బురఖా వేసుకుని ముందే బస్టాండుకు బయల్దేరింది.

బస్సులో ఇంజన్ పక్కన కూర్చున్నాం. అక్కడ ఆమె నాతో ఒక మాట చెప్పింది. "నాకు ఎప్పుడో తెలుసు బిడ్డా. మిక్సీ తిరగతా ఉంటే నీకు బాగా ఇనబడతాదని కనిపెట్టినా. నీతో మాట్లాడాల్నంటే జార్లో ఏమీ ఎయ్యకుండానే తిప్పతా ఉంటి."

వంటింట్లో ఆ మిక్సీ ఎందుకు అన్నిసార్లు తిరుగుతుందో ఏనాడూ ఆలోచించలేదు. "అడిగి ఉండచ్చు కదా" అన్నాను. "నువ్వు దాచిపెట్టుకుంటివి. నేనెట్ల అడిగేది?" అంది.

డాక్టర్ శారదమ్మ గారు చిన్న మనిషి, పెద్ద నవ్వు. నేను శృతిదండం సంగతి చెప్తే ఆమె డ్రాయరు తీసి తన శృతిదండం బల్ల మీద పెట్టింది. "నా పని సగం మీరే చేసుకొని వస్తిరి" అంది. తర్వాత గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్షలు చేశారు. చెవిపొర వెనక గొలుసులా మూడు బుల్లి ఎముకలుంటాయి. శబ్దం వాటిని ఊపితేనే లోపలికి పోతుంది. నాకు మూడోది, బియ్యపు గింజంత కూడా ఉండదట, కదలకుండా బిగుసుకుపోయింది. కొందరు ఆడవాళ్లకు కాన్పు తర్వాత ఇది ముదురుతుందట. మా ఖాలాకు కూడా ఇదే ఉండి ఉండొచ్చని అన్నారు. మిక్సీ సంగతి కూడా అడిగాను. హోరు ఉన్నచోట ఎదుటివాళ్లు తెలియకుండానే గొంతు పెంచుతారు. ఆ హోరు నాకు సగమే వినబడుతుంది. అందుకని మాట నాకు తేలుతుంది. ఎంత తేలికైన జవాబు!

దారి రెండు. చెవి మిషన్ పెట్టుకోవచ్చు. లేదంటే ఆపరేషన్ చేసి, ఆ ఎముక చోట సన్నటి ముక్క ఒకటి అమర్చుతారు. బాగా జరిగితే మాట తిరిగి వస్తుంది. నూటికి ఒకరికి మాత్రం ఆ చెవి పూర్తిగా పోతుందట. ఇప్పుడు వినబడే ఆ గొణుగుడు కూడా ఉండదు.

నువ్వైతే ఏం చేస్తావు?

జబీన్


కుప్పం,
నవంబర్ 19.

జబీన్,

మధ్య పెట్టె బయట పెట్టమని చెప్పాను, పెట్టావు. రిసీవర్ కొనమని చెప్పాను, కొన్నావు. ఈసారి మాత్రం నేను చెప్పను. నా చెవులు కావు అవి.

అయినా రెండు రోజులు ఆలోచించాను. దూది పెట్టుకుని ఒక పూట కౌంటర్లో కూర్చున్నాను. అవతలివాళ్ల నోళ్లు కదులుతున్నాయి, నేను ఊహిస్తున్నాను. ఒక ముసలామె నా మీద అరిచింది. గంటకే మెడ నరాలు పట్టేశాయి. నువ్వు రోజంతా, ఇన్నేళ్లు, నవ్వుతూ ఇలా బతికావు. ఏది ఎంచుకున్నా నీకు ధైర్యం లేదని మాత్రం అనుకోకు.

మిషన్ పెట్టుకున్నా క్లాసుకు పోవచ్చు. ఆపరేషన్ చేయించుకున్నా పోవచ్చు. హెడ్మాస్టర్‌కు డాక్టరు కాగితం చూపించి నీ పదో తరగతి నీ దగ్గరే ఉంచుకో. అది మాత్రం గట్టిగా చెప్తున్నా.

ఆపరేషన్ అంటే తేదీ చెప్పు. ఎవరికి డెంగ్యూ వచ్చినా వస్తాను.

సుష్మ


మదనపల్లె,
డిసెంబర్ 21.

సుష్మా,

నువ్వు నిన్న మధ్యాహ్నం బస్సెక్కాక నిద్రపోయాను. ఇప్పుడు లేచి, గోడకు ఆనుకుని రాస్తున్నా. తల తిప్పితే మంచం తిరుగుతోంది, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. కింద టమాటా లారీలు వరుసగా పోతున్నట్టున్నాయి, కిటికీ అదురుతోంది. వినబడటం లేదు, చేతికి తెలుస్తోంది.

నువ్వు ఉన్నప్పుడు చెప్పలేకపోయింది ఒకటుంది. ఆపరేషన్ మెలకువగా ఉండగానే చేశారు కదా. ఎడమ చెవి. మొహం మీద గుడ్డ. చాలాసేపు ఏమీ లేదు, ఎక్కడో గీకుతున్నట్టు మాత్రం ఉంది. ఉన్నట్టుండి టింగ్‌మని ఒక చప్పుడు. పళ్లెంలో ఏదో పనిముట్టు పెట్టారు. ఎవరో ముక్కు ఎగబీల్చారు. డాక్టరమ్మ చెవి దగ్గర నోరు పెట్టి కాదు, దూరం నుంచే, మెల్లగా అడిగింది: "జబీన్, ఈరోజు పొద్దున ఏం తిన్నావు?" నేను "ఏమీ తిననివ్వలేదు కదా మేడం" అన్నాను. గదిలో అందరూ నవ్వారు. ఆ నవ్వు వినబడింది.

ఆ వెంటనే చెవి నిండా మందు గుడ్డ కుక్కేశారు. అంతే. మళ్లీ మూసుకుపోయింది. ఆపరేషన్‌కు ముందు కంటే ఎక్కువగా. వారం తర్వాత తీస్తారట. అందాకా ఏమీ చెప్పలేమన్నారు. ఆ టింగ్ నిజమా, మందు మత్తా అని పడుకుని అదే ఆలోచన. జావీద్ రొట్టెలు తెచ్చి నోటికి అందిస్తున్నాడు. ఆయనకు ఈ సంగతి చెప్పలేదు. ఆశపెట్టి తర్వాత కాదంటే ఆయన తట్టుకోలేడు.

నూటికి ఒకరు. సైన్సు చెప్పేదాన్ని, అది చిన్న సంఖ్యే అని తెలుసు. మంచం మీద పడుకుంటే మాత్రం చాలా పెద్దదిగా ఉంది.

జబీన్


పుంగనూరు,
జనవరి 4.

నా సుష్మా,

గుడ్డ తీశారు.

ముందు ఏమీ తెలియలేదు. డాక్టరమ్మ చెవి తుడిచి, కుర్చీ వెనక్కి జరిపింది. ఆ కుర్చీ కాళ్లు నేల మీద కీచుమన్నాయి. నేను చెవి మూసుకున్నాను! జావీద్ భయపడి లేచాడు. "నొస్తాందా?" అన్నాడు. ఆయన నా ఎడమ వైపు, కాస్త వెనగ్గా నిలబడి ఉన్నాడు. మొహం కనబడటం లేదు. మాట వచ్చింది. నేను తల తిప్పకుండానే "లేదు" అన్నాను.

ఇంటికి వచ్చే దారంతా చప్పుళ్లే. ప్లాస్టిక్ సంచి ఇంత అల్లరి చేస్తుందా? చీర కుచ్చిళ్లు నడుస్తుంటే మాట్లాడతాయా? బస్సు ఇంజన్ పక్కన కూర్చోలేక వెనక సీటుకు పోయాను. అన్నీ కొంచెం రేకు డబ్బాలోంచి వస్తున్నట్టున్నాయి, నెలలో సర్దుకుంటాయట. రెండో చెవి ఏడాది తర్వాత చూద్దామన్నారు. బడికి పదిహేనో తారీఖు తర్వాత పోవచ్చు. పదో తరగతి నాదే. వెన్నెలకు చెప్పాల్సిన జవాబు సిద్ధంగా ఉంది.

సినిమా ఇంకా పెట్టలేదు. జావీద్ రెండుసార్లు రిమోట్ తీసి, నా వైపు చూసి, పక్కన పెట్టేశాడు. తొందరేం లేదన్నాను. నిజంగానే లేదు. ఎందుకంటే అంతకన్నా పెద్ద సంగతి ఒకటి జరిగింది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

మేం ఇంట్లోకి రాగానే పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి నా నడుం పట్టుకుంది. తల నా పొట్టలో దాచుకుని ఏదేదో చెప్పింది. మామూలుగా అయితే గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, పెదాలు చూసి అర్థం చేసుకుంటాను. ఈసారి ఎత్తలేదు. విన్నాను. బొంగురు గొంతు సుష్మా! చిన్నపిల్లకు అంత బొంగురు గొంతు ఉంటుందా? నేను ఇన్నాళ్లూ దాని పెదాలు చూసి, మనసులో ఒక సన్నటి గొంతు పెట్టుకున్నాను. అది దాని గొంతు కాదు. నేను తయారు చేసుకున్నది.

దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగాను. "నీ పేరేంది?"

"ఎందుకడగతాండావు అమ్మీ? నీకు తెలీదా?"

"తెలుసు. నువ్వు చెప్పు."

"లేష్మా" అంది.

నేను మా అత్త వైపు చూశాను. ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. "దానికి ర పలకదు. మాట వచ్చినప్పట్నించీ అంతే. నీకు తెలుసనుకుంటిమి" అంది. అందరికీ తెలుసట. జావీద్‌కు, పక్కింటి వాళ్లకు, దాని టీచరుకు. ర కు ల. రొట్టె కాదు, లొట్టె. రంగు కాదు, లంగు. ఆరేళ్లుగా ఈ ఇంట్లో ఈ గొంతు తిరుగుతోంది, ఒక్క నేనే వినలేదు.

జావీద్ అంటున్నాడు, నువ్వు టీచర్వి కదా, కూర్చోబెట్టి నేర్పించు, నెలలో వచ్చేస్తుంది అని. నిజమే, నేర్పిస్తే వస్తుంది. నేర్పిస్తాను. కానీ ఈ వారం కాదు. ఈ వారం నేను దాన్ని వంటింట్లో నా పక్కన గట్టు మీద కూర్చోబెట్టుకుని, నా వీపు అటు తిప్పి, పని చేసుకుంటూ కథలు చెప్పించుకుంటున్నాను.

"అమ్మీ, నువ్వు నా దిక్కు సూడకుండా ఉండావు. ఇంటాండావా?" అని మధ్యమధ్యలో అడుగుతుంది.

"ఇంటాండాను. చెప్పు" అంటాను.

నీ
జబీన్